మన సమ్మె కానప్పుడు మనమెందుకు పోవాలి?

[దృశ్యం: తెల్లవారుజాము. నెల్లూరు ట్రంకు రోడ్డు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. చీకట్లో పొరకల చప్పుడు.]

వాయిస్: టైము నాలుగున్నర. ఈ చప్పుడు చేసేవాళ్ళలో మా అమ్మ ఒకరు. మస్టర్ దగ్గర హాజరు వేయించుకుని, పొరక పట్టుకుని, ఊరు నిద్ర లేచేసరికి సగం పని ముగించేస్తుంది. ఈ వీడియో మా అమ్మ గురించి కాదులెండి. ఆమె ఉండే మునిసిపల్ పారిశుధ్య కార్మికుల సంఘంలో ఒకరోజు సాయంత్రం ఒకామె అడిగిన ప్రశ్న గురించి.

[దృశ్యం: వీధి చివర కమ్యూనిటీ హాలు. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు. మధ్యలో రసీదు పుస్తకం.]

2023 డిసెంబరు. ఆ నెల 12న రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. అప్పట్లో వర్కర్‌కు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. వాళ్ళు అడిగింది కనీస వేతనం, గ్రాట్యుటీ. గ్రాట్యుటీ వాళ్ళకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. చెప్పి ఏడాదిన్నర దాటినా చేతికి రాలేదు.

సరే, వాళ్ళ టెంటుకు మనం మద్దతుగా పోదామా అని మా అమ్మ సంఘంలో మీటింగు పెట్టారు. ఇంట్లో కరెంటు పోతే ఫోన్ చార్జింగుకని పోయి నేనూ ఒక మూల కూర్చున్నా. సంఘం పెద్దాయన ఐక్యత, పోరాటం అంటూ మాట్లాడతా ఉంటే వెనకనుంచి ఒకామె లేచింది.

"అన్నా, మా పెద్దోణ్ణి సెంటర్లో ఎడంగా కూర్చోబెట్టింది ఆ టీచరమ్మే గదా. ఆమె టెంటుకు నేను పోవాల్నా?"

ఎడంగా అంటే కులం చూసి అని అందరికీ అర్థమైంది. హాలంతా చప్పుడు లేదు. మా అమ్మ చూపు చాప మీదకు పోయింది.

[తెర మీద అక్షరాలు: "పోవాల్నా?"]

పోవాలి అని గబుక్కున చెప్పేయొచ్చు. ఆమె అడిగిన దాంట్లో తప్పేముందో మాత్రం చెప్పడం కష్టం. అందుకే ముందు సమ్మె అనేది ఎట్టా పనిచేస్తుందో చూద్దాం.

[దృశ్యం: బొమ్మ. ఒకవైపు ధాన్యం గాదె, ఇంకోవైపు చిన్న బియ్యం డబ్బా.]

రాష్ట్రంలో అందరూ ధాన్యాన్ని క్వింటాళ్ళలో చెప్తే నెల్లూరోళ్ళం ఇప్పటికీ పుట్లలో చెప్తాం. పుట్టి అంటే 850 కిలోలు. పాతకాలం పొలంలో సమ్మె జరిగిందనుకోండి. ఆసామి గాదెలో పుట్లకు పుట్లు ఉంటాయి. కూలీ ఇంట్లో ఉండేది శేర్లు. పని ఆగితే ఇద్దరికీ నష్టమే, కానీ ఎవరు ఎక్కువ రోజులు ఓర్చుకోగలరు? సమ్మెలో తేలేది అదే. డిమాండు న్యాయమైందా కాదా అన్నది రెండో మాట, డబ్బాలో బియ్యం ఎన్నాళ్ళకు వస్తాయన్నది మొదటి మాట. బయటోళ్ళు తెచ్చే బస్తా బియ్యం ఆ డబ్బాకు నాలుగు రోజులు కలుపుతుంది. సంఘీభావం అని పెద్ద మాటలో చెప్పేదాన్ని నేను ఇట్టా రోజుల్లో లెక్కేసుకుంటా.

ఇంకోటుంది. సమ్మె విరగ్గొట్టాలంటే యజమాని బయటనుంచి మనుషుల్ని తేవాలి. ఎవరిని తెస్తాడు? ఆ సంఘం ఎవరిని తనలో కలుపుకోలేదో వాళ్ళని.

[దృశ్యం: పాత బొంబాయి బట్టల మిల్లు బొమ్మ. మగ్గం. నాడె మీద క్లోజప్.]

1928 బొంబాయి. బట్టల మిల్లుల్లో నెలల తరబడి సాగిన పెద్ద సమ్మె. ఆ మిల్లుల్లో మంచి జీతం వచ్చేది నేత విభాగంలో. అక్కడ అంటరానివాళ్ళన్న వాళ్ళకు చోటు లేదు. ఎందుకంటే, అప్పట్లో మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ మోసే నాడెలో కండె (దారం చుట్టిన పుల్ల) మార్చినప్పుడల్లా, నాడె రంధ్రంలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి. వెంకటగిరి నేతగాళ్ళకు నాడె అంటే నేను చెప్పక్కర్లేదు. (వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాకు పోయింది, కానీ మనోళ్ళే.) దళితుడి నోరు తగిలిన నాడెను మేం ముట్టం అన్నారు తక్కిన కార్మికులు. అడ్డం పడింది యజమాని కాదు, పక్క మగ్గం మీద కూర్చున్న తోటి కార్మికుడు!

అంబేద్కర్ పట్టుకుంది దీన్నే. నేత విభాగంలో మావాళ్ళకు చోటివ్వని సమ్మెకు మావాళ్ళు ఎందుకు నిలబడాలి అని అడిగాడు. నాయకులు ఆ డిమాండును తమ కోరికల్లో చేర్చక తప్పలేదు. మిల్లు యజమానులేమో, ఇది మేం చేసిన తప్పు కాదుగా అన్నారు. ఆ మాట నిజమే, అందుకే ఇంకా మంట.

మా హాల్లో లేచి నిలబడినామెకు ఈ కథ తెలియదు. ప్రశ్న మాత్రం అదే.

[దృశ్యం: అలగానిపాడు పొలాలు. తర్వాత ఉదయగిరి వైపు మెట్ట నేలలు.]

మన జిల్లాలోనూ ఈ ముడి కొత్తది కాదు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1913లో అలగానిపాడులో భూములున్న ఇంట్లో పుట్టారు. పేరు చివరి రెడ్డి తీసేసుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయొచ్చి, సొంత ఊళ్ళో వ్యవసాయ కూలీల్ని కూడగట్టారు. కూలీలంటే ఎక్కువమంది మాలమాదిగలే. కులం మాటెత్తకుండా కూలి మాట మాట్లాడే వీలు ఆ ఊళ్ళో ఎక్కడిది?

సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన మన జిల్లా ఊరు దూబగుంట తెలుసుగా. 1990ల మొదట్లో అక్షర దీపం తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్ళు, వాచకంలో సీతమ్మ కథ చదివి, మన ఊళ్ళో సారా ఎందుకు ఆపలేం అనుకున్నారు. 1992కల్లా అది జిల్లా ఉద్యమమైంది, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. వాళ్ళకు రిజిస్టరైన సంఘం లేదు, చందా పుస్తకం లేదు. కూలి పెంచమని కాదు వాళ్ళడిగింది, వచ్చిన కూలి ఇంటికి చేరనీయమని. కూలి సమస్యకూ ఇంట్లో దెబ్బలకూ మధ్య గీత గీయడం నాకైతే చేతకాదు.

[దృశ్యం: మళ్ళీ హాలు. టీ తెచ్చే కుర్రాడు. పేపర్ కప్పులు.]

ఈ పేపర్ కప్పులు చూడండి. ఇవి వచ్చాక, దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల గొడవ కంటికి కనపడటం లేదు. తాగి పారేస్తాం కాబట్టి ఎవరి ఎంగిలి ఎవరికీ తగలదు. ఆ గొడవ పోయిందని నేననుకోను.

ఆరోజు పెద్దాయన ఉపన్యాసం ఆపేసి ఆమెనే అడిగాడు, ఏం చేద్దాం మే, నువ్వే చెప్పు అని. ఆమె రెండు మాటలు చెప్పింది. బియ్యం ఇద్దాం. నా బిడ్డ సంగతి అక్కడే మైకులో చెప్తా. ఒప్పుకుంటేనే వస్తా.

కొంతమంది గునిశారు. సమ్మెలో ఉన్నోళ్ళ పరువు తీస్తామా, అధికారులు నవ్వరా అని. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. చివరికి చేతులెత్తి ఒప్పుకున్నారు. మనిషికి యాభై చొప్పున రసీదు. రెండు బస్తాల బియ్యం.

[దృశ్యం: రోడ్డు పక్క టెంటు. ఎర్ర చీరలు, మైకు.]

మైకులో ఆమె నిమిషం కూడా మాట్లాడలేదు. టీచరమ్మ తల దించుకుంది. టెంట్లో వయసులో పెద్దావిడ ఒకామె లేచి, మా మీటింగులో ఇది పెడతాం అమ్మా అనింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తర్వాత వారం తిరిగిందో లేదో, డిసెంబరు 26న మునిసిపల్ కార్మికులే రాష్ట్రమంతా సమ్మెకు దిగారు. ఇప్పుడు టెంటు మాది. చెత్త కుప్పలు పడ్డాయి, ఊరు ముక్కు మూసుకుంది. మా టెంటుకు మొదట వచ్చింది ఆ అంగన్‌వాడీ వాళ్ళే, గిన్నెలో పులిహోర పట్టుకుని. జనవరి 6న వాళ్ళ మీద ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, పెట్టింది. మావాళ్ళ సమ్మె సంక్రాంతికి ముందే ముగిసింది, వాళ్ళది మాత్రం 42 రోజులు నడిచింది. పండగకు వాళ్ళు రోడ్డు మీదే ఉన్నారు.

[దృశ్యం: క్యాలెండర్ పేజీలు.]

ఒక్క చట్టం ముక్క చెప్పి వదిలేస్తా. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న షరతు ఇదివరకు నీళ్ళు, పారిశుధ్యం లాంటి ప్రజోపయోగ సేవలకే ఉండేది, ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ. సగం మంది ఒకేరోజు మూకుమ్మడి సెలవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. అంటే యజమానికి మనుషుల్ని వెతుక్కోవడానికి రెండు వారాలు దొరుకుతాయి. సంఘానికీ అవే రెండు వారాలు. బియ్యం ఎవరు తెస్తారు, మన జాగాలో పనికి రమ్మంటే రామని ఎవరు చెప్తారు, ఇవన్నీ ఆలోగానే తేలాలి. అప్పటికప్పుడు పోయి అడిగితే మొహం తెలియనోళ్ళు రారు.

మా అమ్మ సంఘం ఆఫీసులో ఇప్పుడు పేపర్ కప్పులు లేవు. స్టీలు గ్లాసులు, తాగినోళ్ళు వంతులేసుకుని కడగాలని తీర్మానం రాసుకున్నారు. మొదటి నెల ఇద్దరు "నాకు టీ పడదు" అన్నారట. ఒకాయనకు ఇంకా పడటం లేదు.

[దృశ్యం: అంగన్‌వాడీ సెంటర్ గుమ్మం. లోపల పొడవాటి చాప.]

వీడియో కోసం మొన్న ఆమెను కలిశా. ఇప్పుడెట్టుంది అక్కా అనడిగా.

"పెద్దోడు బడికి పోతా ఉండాడు. చిన్నది సెంటర్లో ఉండాది. అందరితోనే కూర్చోబెడతా ఉండారు. నేను మాత్రం పని దిగినాక అప్పుడప్పుడు పోయి చూసొస్తా, చెప్పకుండా."