గూగుల్ వస్తుంది, మిగతా సైట్లు రావు: విండోస్ ట్రబుల్‌షూటర్, నెట్‌వర్క్ రీసెట్, పింగ్‌లలో ఏది పనికొస్తుంది? | రివ్యూ

నమస్కారం. ఇంటర్నెట్ ఉన్నట్టే కనిపిస్తుంది కానీ మామూలు వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోవడం లేదని టెక్కలి, పలాస, నరసన్నపేట వైపు నుంచి చాలామంది ప్రేక్షకులు అడుగుతున్నారు. అందుకని ఈసారి కొత్త వస్తువేదీ పెట్టె విప్పి చూపించడం లేదు. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే మూడు సాధనాలను, అంటే ట్రబుల్‌షూటర్‌ను, నెట్‌వర్క్ రీసెట్‌ను, కమాండ్ ప్రాంప్ట్‌ (ఆదేశాలను టైపు చేసే నల్లని కిటికీ)లోని పింగ్ వంటి ఆదేశాలను (పింగ్ అంటే ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి జవాబు వస్తుందో లేదో చూడటం), నిజంగానే ఇబ్బంది పడుతున్న ఒక కంప్యూటరు మీద పరీక్షించి, ఏ సాధనం ఎక్కడిదాకా అక్కరకొస్తుందో చెబుతాను.

నా బల్ల మీద ఉన్న ఈ డెస్క్‌టాప్ పలాసలోని ఒక జీడిపప్పు వ్యాపారి దుకాణానిది. ఇందులో విండోస్ 10 ఉంది, లెక్కలు రాసే ట్యాలీ ఉంది. రోజూ ఈ-వే బిల్లులు, బ్యాంకు పనులు దీని మీదే జరుగుతాయి. "నెట్టు ఉంది బాబూ, యూట్యూబ్ కూడా ఆడతంది, సైట్లే రావట్లేదు" అన్నది యజమాని ఫిర్యాదు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. గూగుల్‌లో వెతికితే ఫలితాల జాబితా క్షణంలో వస్తోంది, యూట్యూబ్‌లో వీడియో ఆగకుండా నడుస్తోంది. ఆ ఫలితాల్లోని ఒక వార్తా పత్రిక లింకును నొక్కితే మాత్రం ట్యాబ్ మీద చక్రం దాదాపు అర నిమిషం తిరిగి, చివరికి సైటు స్పందించడానికి చాలా సమయం తీసుకుంటోందన్న సందేశం, దాని కింద చిన్న అక్షరాల్లో 'ఈఆర్ఆర్ కనెక్షన్ టైమ్డ్ అవుట్' అన్న కోడ్ కనిపిస్తున్నాయి. దుకాణంలోని రెండో కంప్యూటరుదీ ఇదే పరిస్థితి. అదే వైఫై మీద ఉన్న ఫోన్లలో మాత్రం అన్ని సైట్లూ తెరుచుకుంటున్నాయి. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే లైను బాగాలేదన్న అనుమానం అక్కడితో దాదాపు తీరిపోతుంది. ఈ కంప్యూటరును మా ఇంటి రౌటర్‌కు తగిలించినా లక్షణాలు ఏమాత్రం మారలేదు.

ముందుగా ట్రబుల్‌షూటర్. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇంటర్నెట్ కనెక్షన్ల ట్రబుల్‌షూటర్‌ను నడిపితే, కాసేపు వెతికి, సమస్యను గుర్తించలేకపోయానని చెప్పింది. గడియారం పక్కనున్న నెట్‌వర్క్ గుర్తు కూడా ఇంటర్నెట్ ఉందనే చూపిస్తోంది. దీన్ని చూసి ఆ సాధనం పనికిరానిదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఇంటర్నెట్ ఉందా లేదా అని తేల్చుకోవడానికి విండోస్ తన తయారీదారుకు చెందిన ఒక సర్వరు నుంచి ఒక చిన్న పాఠ్య ఫైలును తెచ్చుకుని చూస్తుంది. అది ఏదో ఒక దారిలో చేతికందితే చాలు, ఇంటర్నెట్ ఉన్నట్టే లెక్క. ఏ దారిలో అందింది, రెండో దారి మూతపడిందా అన్న సంగతిని ఆ గుర్తు మనకు చెప్పదు. ఈ కంప్యూటరు జబ్బంతా సరిగ్గా ఆ రెండు దారుల మధ్యే ఉంది.

ఆ రెండు దారుల పేర్లు ఐపీవీ4, ఐపీవీ6. నెట్‌లోని యంత్రాలకు చిరునామాలిచ్చే రెండు పద్ధతులివి. మొదటిది పాతది. 32 బిట్ల చిరునామా కాబట్టి దానిలో మొత్తం దాదాపు 429 కోట్ల చిరునామాలకే చోటుంది. ప్రపంచ స్థాయిలో పంచిపెట్టవలసిన ఖాళీ నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది, మన ఆసియా-పసిఫిక్ ప్రాంతపు మామూలు కోటా అదే ఏడాది ఏప్రిల్‌లో అడుగంటింది. రెండోది 128 బిట్ల ఐపీవీ6. గూగుల్, ఫేస్‌బుక్ వంటి పెద్ద సంస్థలు 2012 జూన్ 6 నుంచి దీన్ని శాశ్వతంగా ప్రారంభించాయి. మన దేశం ఇప్పుడు ఐపీవీ6 వాడకంలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది. అయితే చాలా మామూలు వెబ్‌సైట్లు నేటికీ ఐపీవీ4 చిరునామాతోనే నడుస్తున్నాయి. బ్రౌజరు రెండు చిరునామాలూ ఉన్న సైటుకు ఐపీవీ6 మీద వెళ్లిపోతుంది, ఐపీవీ4 మాత్రమే ఉన్న సైటుకు వేరే గతి లేదు. నాగావళి మీద పాత వంతెనను మూసేసినా కొత్త వంతెన మీదుగా శ్రీకాకుళంలోకి వచ్చేవాడికి ఆ తేడా తెలియనట్టే, యూట్యూబ్ చూసేవారికి ఐపీవీ4 ఆగిపోయిన విషయమే తెలియదు.

ఇక్కడి నుంచి కమాండ్ ప్రాంప్ట్ పని మొదలవుతుంది. తెరపై కనిపిస్తున్నట్టు, ముందు పింగ్ అని రాసి, ఒక ఖాళీ వదిలి, గూగుల్ డీఎన్ఎస్ (సైటు పేరును చిరునామాగా మార్చి చెప్పే సేవ) వారి ఐపీవీ6 చిరునామా 2001:4860:4860::8888 ఇచ్చాను. నాలుగు జవాబులూ చక్కగా వచ్చాయి. ఇప్పుడు అదే సంస్థ ఐపీవీ4 చిరునామా 8.8.8.8 ఇస్తున్నాను. ఫలితాన్ని తొందరపడకుండా, వరుస వరుసగా చదవండి. 'రిప్లై ఫ్రమ్ 192.168.0.50, డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని ఉంది. జవాబు 8.8.8.8 నుంచి రాలేదు. 192.168.0.50 అన్నది ఈ కంప్యూటరు సొంత చిరునామా. అంటే ప్యాకెట్ (మనం పంపిన డేటా ముక్క) గడప కూడా దాటలేదు, వెళ్లే దారి దొరకలేదని కంప్యూటరు తనకు తానే చెప్పుకుంటోంది. అంతకంటే విచిత్రం కింది వరుసలో ఉంది. పంపినవి 4, అందినవి 4, నష్టం 0 శాతం అని లెక్క తేల్చింది. తన సొంత 'చేరలేదు' సందేశాలను కూడా పింగ్ అందిన జవాబుల కిందే కలిపేస్తుంది. కింది వరుస ఒక్కటే చూసి నెట్టు బాగానే ఉందని ఫోను పెట్టేసే సాంకేతిక నిపుణులు లేకపోలేదు. అందుకే ఈ ఫలితంలో నేను శాతాన్ని ఆఖరున చూస్తాను, జవాబు ఎవరి నుంచి వచ్చిందో మొదట చూస్తాను.

తరువాత కంప్యూటరు నెట్‌వర్క్ అమరికలను చూపించే ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ ఆదేశం. ఇందులో మూడు వరుసలు చాలు. డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ అన్నచోట 'నో' అని ఉంది, అంటే చిరునామాను రౌటర్ నుంచి తానే తీసుకోవడం లేదు. ఐపీవీ4 చిరునామా 192.168.0.50. డీఫాల్ట్ గేట్‌వే, అంటే బయటికి వెళ్లడానికి వెతికే రౌటర్ చిరునామా, 192.168.0.1. మా ఇంటి రౌటర్ చిరునామా 192.168.1.1. దుకాణంలోని కొత్త రౌటర్‌ది కూడా 192.168.1.1 అని యజమాని దాని కింద అతికించిన చీటీని ఫోనులో ఫొటో తీసి పంపారు. చిక్కుముడి అక్కడితో విడిపోయింది. వర్షాల్లో పిడుగు పడి దుకాణంలోని పాత రౌటర్ కాలిపోయింది, దాని చోట కొత్తది పెట్టారు. పాత రౌటర్ ఉన్న రోజుల్లో, రెండు కంప్యూటర్ల మధ్య ట్యాలీ డేటా పంచుకోవడానికి వీలుగా ఎవరో రెండింటికీ మారని చిరునామాలు చేత్తో రాసిపెట్టారు. కొత్త రౌటర్ వచ్చాక ఆ గేట్‌వే ఉన్న చోట ఎవరూ లేరు. ఐపీవీ6 చిరునామాను మాత్రం కంప్యూటరు కొత్త రౌటర్ ప్రకటనను విని తానే తయారుచేసుకుంటుంది, డీఎన్ఎస్ సర్వరు చిరునామా కూడా ఆ ప్రకటనతోనే అందుతుంది. కాబట్టి పేర్లు తెలుసుకోవడమూ ఆగలేదు, గూగులూ ఆగలేదు. రెండు కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి రౌటర్ చిరునామాతో పనిలేదు కాబట్టి ట్యాలీకీ ఆటంకం రాలేదు. లోపం లోపలే ఉందని ఎవరికీ తోచకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు నెట్‌వర్క్ రీసెట్ సంగతి. ఇంటర్నెట్‌లో ఏ సలహా చూసినా మొదట చెప్పేది ఇదే. నిజం చెప్పాలంటే ఈ కంప్యూటరు మీద అది పనిచేస్తుంది. నెట్‌వర్క్ అడాప్టర్లన్నిటినీ తీసేసి, మళ్లీ స్థాపించి, అమరికలను మొదటి స్థితికి తెస్తుంది కాబట్టి చేత్తో రాసిన చిరునామా కూడా పోతుంది. నాకున్న అభ్యంతరం వేరు. దాచుకున్న వైఫై పాస్‌వర్డులు పోతాయి, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్ వంటివాటికి రహస్య మార్గం) ఉంటే మళ్లీ అమర్చుకోవలసి రావచ్చు, నెట్‌వర్క్ పబ్లిక్ రకానికి మారితే ఫోల్డర్ పంపకం ఆగిపోతుంది. ఈ దుకాణంలో ఒక కంప్యూటరును రీసెట్ చేసి రెండోదాన్ని వదిలేస్తే, సైట్లు తెరుచుకున్న ఆనందం ఐదు నిమిషాలుంటుంది, ఆ తరువాత ట్యాలీ డేటా దొరకడం లేదని రెండో ఫోను వస్తుంది. ఎందుకు చెడిందో తెలియకుండా బాగయిన కంప్యూటరు మళ్లీ చెడినప్పుడు మన చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

నేను చేసినది ఇంతే. విండోస్ మీటతో ఆర్ నొక్కి, ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని రాసి, ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 అన్న వరుసను తెరిచి, చిరునామానూ డీఎన్ఎస్‌నూ తమంతట తామే తీసుకునేలా మార్చాను. రెండో కంప్యూటరుకూ అదే చేయించి, దుకాణపు రౌటర్‌లో రెండింటి మ్యాక్ చిరునామాలకూ (నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే వచ్చే గుర్తింపు సంఖ్యలకూ) స్థిరమైన ఐపీలను కేటాయించాము. దానివల్ల చిరునామా మారకూడదన్న ట్యాలీ అవసరం తీరుతుంది, మారని చిరునామా బాధ్యత కంప్యూటరు నుంచి రౌటర్‌కు వెళుతుంది. ట్యాలీలో డేటా దారిని ఐపీకి బదులు కంప్యూటరు పేరుతో ఇచ్చాము. ఇప్పుడు 8.8.8.8కు పింగ్ చేస్తే జవాబు 8.8.8.8 నుంచే వస్తోంది. వార్తా పత్రిక తెరుచుకుంది, ఈ-వే బిల్లు పోర్టలూ తెరుచుకుంది.

మీ కంప్యూటరులో ఇదే కారణం ఉండాలని లేదు, కాబట్టి మిగతావి వేగంగా చెబుతాను. బ్రౌజరులో వచ్చే కోడ్‌లో 'సర్ట్ డేట్ ఇన్వాలిడ్' (సైటు భద్రతా సర్టిఫికెట్ తేదీ చెల్లదు) అన్న మాటలుంటే ముందు గడియారం చూడండి. రాత్రిపూట మెయిన్ స్విచ్ ఆపేసే దుకాణాల్లో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి, తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోవడం తరచుగా జరిగేదే. ఆ బ్యాటరీ 3 వోల్టులది, ఏ గడియారాల దుకాణంలోనైనా దొరుకుతుంది. తేదీ సరిగానే ఉండి, బ్యాంకు సైటు మీద సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే మాత్రం 'అయినా ముందుకు వెళ్లు' అన్నదాన్ని ఏ పరిస్థితిలోనూ నొక్కకండి. కోడ్‌లో 'ప్రాక్సీ' (మధ్యవర్తి సర్వరు) అని ఉంటే సెట్టింగ్స్‌లోని ప్రాక్సీ పేజీలో చేత్తో పెట్టిన ప్రాక్సీని ఆపండి. మీరెప్పుడూ పెట్టలేదంటే ఏదో ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టి ఉంటుంది, దాన్ని కూడా వెతికి తీసేయాలి. 'ఎన్ఎక్స్‌డొమైన్' (ఆ పేరు దొరకలేదు) అని ఉంటే సైటు పేరును అక్షరం అక్షరం సరిచూసి, ఆ పైన డీఎన్ఎస్‌ను 1.1.1.1కు గానీ 8.8.8.8కు గానీ మార్చి చూడండి.

ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) సమస్య కాస్త మొండిది. యూజర్‌నేమ్, పాస్‌వర్డులతో కలిసే పీపీపీఓఈ లైన్లలో ఒక్కో ప్యాకెట్‌కు 1500 బైట్లకు బదులు 1492 బైట్లకే చోటుంటుంది. ఆ సంగతి రెండో వైపుకు సరిగా తెలియకపోతే చిన్న పేజీలు తెరుచుకుని, పెద్దవి సగంలో ఆగిపోతాయి. పింగ్‌కు ముక్కలు చేయవద్దన్న ఎఫ్ ఆప్షన్, పరిమాణాన్ని చెప్పే ఎల్ ఆప్షన్ ఇచ్చి, 1472 విఫలమై 1464 సఫలమైతే మీ లైను దారి పరిమాణం 1492 అని అర్థం, ఎందుకంటే ఆ రెండు సంఖ్యలకూ 28 బైట్ల శీర్షిక కలుస్తుంది. దీన్ని రౌటర్‌లో సరిచేయాలి, కంప్యూటరులో కాదు.

విండోస్ 7 ఇంకా వాడుతున్నవారికి వేరే మాట చెప్పాలి. దానికి మద్దతు 2020 జనవరి 14న ముగిసింది, క్రోమ్ దానిపై 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అలాంటి యంత్రంలో కొన్ని సైట్లు తెరుచుకోకపోవడం వైఫల్యం కాదు, వయసు. పింగ్‌లూ రీసెట్‌లూ చేస్తూ సాయంత్రాలు పాడుచేసుకోవద్దు.

ఇక మార్కులు. ట్రబుల్‌షూటర్‌కు 10కి 4 ఇస్తున్నాను. కేబుల్ ఊడిందా, అడాప్టర్ ఆగిపోయిందా అన్నంతవరకు అది నమ్మకస్తురాలే, పైగా నడిపితే నష్టం లేదు. నెట్‌వర్క్ రీసెట్‌కు 5. ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్, ప్రింటరు పంపకం లేనివారు నిస్సంకోచంగా వాడవచ్చు, దుకాణాలవారు ఆఖరి ప్రయత్నంగా ఉంచుకోవాలి. పింగ్, ఐపీకాన్ఫిగ్ జంటకు 9. ఒక మార్కు ఎందుకు తగ్గించానో ఆ 0 శాతం నష్టం వరుస చూసినవారికి తెలుసు.

రౌటర్ మార్చడానికి ఎవరైనా వచ్చినప్పుడు ఒక పని చేయించండి. పాత రౌటర్ ఇంకా వెలుగుతూ ఉంటే ముందు ఏదో ఒక కంప్యూటరులో ఐపీకాన్ఫిగ్ నడిపి డీఫాల్ట్ గేట్‌వేను కాగితం మీద రాసుకుని, కొత్త రౌటర్ లాన్ (లోపలి నెట్‌వర్క్) చిరునామాను కూడా అదే పెట్టమని అడగండి. దుకాణంలో స్థిర చిరునామాలు ఎవరు, ఎప్పుడు రాశారో ఎవరికీ గుర్తులేకపోయినా, ఆ ఒక్క మార్పుతో అవన్నీ యథాతథంగా నడుస్తాయి.