అంచున సెగ, నడుమ ఐసుగడ్డ

(దగ్గరి షాట్: నల్లటి ప్లాస్టిక్ ట్రే. అంచుల్లో రాజ్మా కుతకుతలాడుతోంది. చెంచా మధ్యలోకి దిగబోయి టక్కున ఆగుతుంది.)

ఈ చప్పుడు విన్నారా? ఫ్రీజర్‌లోంచి తీసి 5 నిమిషాలు మైక్రోవేవ్‌లో పెట్టిన రాజ్మా అన్నం ఇది. అంచున నాలుక కాలుతుంది, మధ్యలో పన్ను జివ్వుమంటుంది. అమెరికాలో చదువుకునేటప్పుడు రాత్రి పదకొండింటికి గదికి చేరి రెండేళ్లు ఇదే తిన్నాను. తప్పు ఓవెన్‌దే అనుకునేవాణ్ణి. అసలు దోషి మంచు.

(రెండు గాజు కప్పులు: ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో అంతే బరువు ఐసు, తడి తుడిచినది.)

రెండూ కలిపి ఒక్క నిమిషం పెట్టాను. నీళ్లలో వేలు పెట్టలేం. ఐసు పైపైన తడిసింది, ముక్కలు చాలావరకు అలాగే ఉన్నాయి. మైక్రోవేవ్ తరంగాలు సెకనుకు దాదాపు 245 కోట్ల సార్లు ఊగుతాయి. ఆ ఊపుతో పాటు నీటి అణువులు తిరగబోతాయి, పక్కవాటిని తోస్తాయి, వేడి పుడుతుంది. మంచులో అవే అణువులు బిగుసుకుపోయి ఉంటాయి, తిరిగే వీలుండదు. అందుకే తరంగాలు మంచులోంచి చాలావరకు దాటిపోతాయి. ట్రేలో ముందు కరిగేది అంచు. కరిగిన చోటే వేడిని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. కలిగినవాడికే మళ్లీ కలిసొచ్చినట్టు!

(డీఫ్రాస్ట్ మీట, అంటే గడ్డకట్టినదాన్ని కరిగించేది. గుమ్మని మోత, నిశ్శబ్దం, మళ్లీ మోత.)

ఓవెన్ పాడైందని కంగారు పడకండి. ఆగిన ఆ కాసేపట్లోనే అంచు వేడి మధ్యకు పాకుతుంది. ప్యాకెట్ మీద ‘సగంలో కలపండి, తీశాక రెండు నిమిషాలు ఆగండి’ అని రాసేదీ అందుకే. ఆకలి మీద మనం చదవకుండా వదిలేసేది సరిగ్గా ఆ వాక్యమే. పైన ఉన్న ప్లాస్టిక్ పొరకు మాత్రం ముందే నాలుగు గాట్లు పెట్టండి, లేకపోతే ఆవిరికి అది బెలూన్‌లా ఉబ్బుతుంది.

(ఓవెన్ తలుపు పక్కన అతికించిన చీటీ.)

ఇక వాట్ల సంగతి. ప్యాకెట్ మీది 5 నిమిషాలు 1100 వాట్ల ఓవెన్‌కు లెక్కగట్టినవైతే, మీ 700 వాట్ల దానిలో దాదాపు 8 నిమిషాలు పడుతుంది. ఇది రుచికి సంబంధించిన గొడవ మాత్రమే కాదు. ఫ్రీజర్ క్రిములను చంపదు, జోకొడుతుందంతే. 2007లో అమెరికాలో ఫ్రోజెన్ పాట్ పైలు, అంటే లోపల మాంసం కూరిన పిండివంటలు తిని, 400 మందికి పైగా సాల్మొనెల్లా అనే క్రిమి బారిన పడ్డారు. వాటిని మైక్రోవేవ్‌లో వండుకున్నవాళ్లే ఎక్కువ. వేడిచేసిన భోజనం మధ్యభాగం కూడా 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలన్నది అక్కడి వ్యవసాయ శాఖ లెక్క.

(రెండో ట్రే. సగం కరిగిన అన్నాన్ని చెంచాతో అంచులకు జరిపి, మధ్యలో గుంట చేయడం.)

చివరగా నా సొంత కిటుకు. గారెకు మధ్యలో చిల్లు ఎందుకు పెడతాం? నడుమ పచ్చిగా మిగలకుండా. ఇక్కడా అంతే. ఆలస్యంగా కాగే మధ్యభాగమే లేకుండా చేశాను. ఇంకో మూడు నిమిషాలు వేడి, రెండు నిమిషాలు విరామం.

(థర్మామీటర్ మొన అన్నంలోకి మెత్తగా దిగుతుంది. అంకె 81 దగ్గర ఆగుతుంది.)

ఆవకాయ సీసా ఇటు అందుకోండి.