ఫోనోలో పెట్టాలా, ఆక్స్‌లో పెట్టాలా?

నేను: అందరికీ నమస్కారం. ఈ వారం విజయవాడ నుంచి మా బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. 30 ఏళ్లు ఆంప్లిఫయర్లు బాగుచేసిన మనిషి. నాన్న దాచిన ఎల్పీలు వినాలని ఈమధ్య ఒక టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయర్ కొని, ఇంట్లో స్పీకర్లని మోగించే స్టీరియో రిసీవర్‌కి కలిపాను. పాటైతే వచ్చింది గానీ... బాబాయ్, ఆ రోజు ఫోన్లో నీకేం చెప్పానో గుర్తుందా?

బాబాయ్: ఎందుకుండదమ్మా. వాల్యూమ్ మొత్తం పెంచినా పాట పక్కింట్లో మోగుతున్నట్టుంది, బేస్ అసలు లేదు అన్నావు. రిసీవర్ వెనక ఏ సాకెట్లో పెట్టావని అడిగితే ఆక్స్ అన్నావు. సీడీ ప్లేయర్ లాంటివి కలిపే సాకెట్ అది.

నేను: అదే ఖాళీగా కనిపించింది. ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను చక్కగా పట్టాయి కూడా.

బాబాయ్: పిన్నులు అన్నింటికీ పడతాయి. వాటిలోంచి వచ్చే సిగ్నల్ తేడా. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది. ఇక్కడ సూదిని పట్టుకుని దాని కదలికని సిగ్నల్‌గా మార్చే ముక్కని కార్ట్రిడ్జ్ అంటారు. మామూలు మూవింగ్ మాగ్నెట్ రకం ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. నాలుగు వందల రెట్ల పైనే తక్కువ! మూవింగ్ కాయిల్ రకమైతే చాలావాటికి అర మిల్లీవోల్టు కూడా ఉండదు.

నేను: సరే, సన్నగా రావడం అర్థమైంది. బేస్ ఎందుకు పోయింది మరి? తగ్గితే అన్నీ ఒకేలా తగ్గాలి కదా?

బాబాయ్: అది రికార్డు తయారయ్యే చోటే మొదలవుతుంది. బేస్‌ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ పెద్ద పెద్ద వంకరలు తిరుగుతుంది. పక్క గాడిని తాకకుండా ఉండాలంటే దూరదూరంగా కోయాలి, అప్పుడు ఒక వైపున 20 నిమిషాల పాట కూడా పట్టదు. అందుకని బేస్ తగ్గించి కోస్తారు. ట్రెబుల్, అంటే సన్నని స్వరాలు, పెంచి కోస్తారు. వినేటప్పుడు ఆ పెంచిన ట్రెబుల్‌ని మళ్లీ దించితే, రికార్డు గరగర కూడా దాంతోపాటే అణుగుతుంది.

నేను: ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అనేది ఎవరిష్టం వాళ్లదా?

బాబాయ్: మొదట్లో అలాగే ఉండేది, కంపెనీకో లెక్క. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్ఐఏఏ అందరికీ ఒకే లెక్క పెట్టింది. లోతైన బేస్ ఉండే 20 హెర్ట్‌జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ తగ్గింపు, బాగా సన్నని ట్రెబుల్ ఉండే 20 వేల హెర్ట్‌జ్ దగ్గర దాదాపు అంతే పెంపు. వినేటప్పుడు దాన్ని తిరగెయ్యాలి. ఆ తిరగేసే పని, సిగ్నల్‌ని పెంచే పని, రెండూ చేసేదే ఫోనో స్టేజ్. నీ రిసీవర్ మీద "ఫోనో" అని రాసిన సాకెట్ లోపల ఉన్న సర్క్యూట్ అదే. ఆక్స్‌కి ఆ సర్క్యూట్ ఉండదు.

నేను: నువ్వు చెప్పాక ఫోనోకి మార్చాను. ప్లేయర్ వెనక ఒక స్విచ్ కనిపిస్తే అదీ అటు జరిపాను. ఈసారి ఒక్కసారిగా పెద్ద మోత, గొంతంతా పగిలిపోయింది. స్పీకర్లు పోయాయేమోనని భయమేసింది.

బాబాయ్: వచ్చి చూస్తే ప్లేయర్ వెనక బుల్లి స్విచ్ లైన్ మీద ఉంది. ఇప్పుడొచ్చే ప్లేయర్లలో చాలావాటికి ఫోనో స్టేజ్ లోపలే ఉంటుంది. స్విచ్ లైన్ మీద పెడితే అది పనిచేస్తుంది. అక్కడ ఒకసారి పెరిగిన సిగ్నల్‌ని రిసీవర్ మళ్లీ పెంచితే పగలక ఏమవుతుంది? ఇది మాత్రం అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: సూదికీ స్పీకర్‌కీ మధ్య ఫోనో స్టేజ్ ఒక్కటే ఉండాలి. స్విచ్ ఫోనో మీదుంటే రిసీవర్‌లో ఫోనో సాకెట్. లైన్ మీదుంటే ఆక్స్.

నేను: రిసీవర్‌కి ఫోనో సాకెట్ లేకపోతే?

బాబాయ్: హోమ్ థియేటర్ రిసీవర్లలో చాలావాటికి ఉండదు. ప్లేయర్‌లోనూ లేకపోతే ఫోనో ప్రీఆంప్ అని చిన్న డబ్బా విడిగా దొరుకుతుంది, మధ్యలో పెట్టి ఆక్స్‌కి ఇవ్వాలి. ఒక్క మాట, మా చిన్నప్పటి పెట్టె ప్లేయర్లు ఎవరింట్లోనైనా ఉంటే వాటి సంగతి వేరు. చాలావాటిలో సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉండేది, అదే వందల మిల్లీవోల్టులు ఇస్తుంది. దాన్ని ఫోనోలో పెట్టకూడదు.

నేను: ఇప్పుడు హమ్మింగ్ సంగతి. స్విచ్ మార్చాక పాట బాగుంది, కానీ పాట ఆగితే చాలు గుయ్యిమని ఒకటే మోత.

బాబాయ్: మన కరెంటు 50 హెర్ట్‌జ్, వినపడింది అదే. ఇంత చిన్న సిగ్నల్ కదా, చుట్టూ ఉన్న కరెంటు అంతా అందులోకి దూరుతుంది. ఇదిగో, ఈ తీగ చూడు. పిన్నులతో పాటే వచ్చే సన్నని ఎర్త్ వైరు, చివర యూ ఆకారంలో రేకు. ఇది వదిలేశావు.

నేను: దీన్ని గోడ సాకెట్లోని ఎర్త్‌కి ఇవ్వాలేమో, తెలియకుండా ముట్టుకోకూడదని వదిలేశాను.

బాబాయ్: ముట్టుకోకపోవడమే మంచిదైంది, గోడకి ఎప్పుడూ ఇవ్వకూడదు. రిసీవర్ వెనక, ఫోనో సాకెట్ పక్కనే జీఎన్‌డీ అని చిన్న మర ఉంటుంది. కాస్త వదులు చేసి, రేకు దాని కిందకి తోసి, వేళ్లతో బిగించు. చాలు... ఆ, విన్నావా?

నేను: మోత ఆగిపోయింది! టక్కున!

బాబాయ్: ఇంకా కొంచెం మిగిలితే పిన్నుల తీగని పవర్ కేబుల్‌కి దూరంగా జరపాలి. ఏది పీకినా, ఏది పెట్టినా రిసీవర్ ఆఫ్ చేసి చెయ్యాలి. స్పీకర్‌ని ప్లేయర్ ఉన్న బల్ల మీదే పెట్టకండి, ఆ అదురు సూదిలోకి ఎక్కి తిరిగి స్పీకర్లోకే వస్తుంది.

నేను: నాన్న ఎల్పీల్లోంచి ఘంటసాల గారిది తీశాను. కవరు మీద మోనో అని ఉంది.

బాబాయ్: మంచిది, స్పీకర్ల వైర్లు సరిగా ఉన్నాయో లేదో దీంతోనే తేలిపోతుంది. మోనో అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం, అందుకని గొంతు రెండింటికీ సరిగ్గా మధ్యలోంచి రావాలి. ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారైతే గొంతు చెదిరిపోయి ఎక్కణ్నుంచి వస్తోందో తెలియదు. నువ్వు మధ్యలో కూర్చో, సూది నేను దించుతాను.

నేను: ...మధ్యలోంచే వస్తోంది బాబాయ్. ఆయన ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుంది.