మడతచాకు ఎంచుకునే ముందు: మన సీమలో క్యాంపింగుకు పనికొచ్చేది ఏది?

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి ఒక ప్రేక్షకుడు, "అన్నా, వేటకూ క్యాంపింగుకూ రెండింటికీ పనికొచ్చే మడతచాకు ఒకటి చెప్పండి" అని అడిగారు. ఈ ప్రశ్నలో రెండు భాగాలు ఉన్నాయి. మొదటి భాగానికి నా సమాధానం "వద్దు" అనే మాట ఒక్కటే. రెండవ భాగానికి మాత్రం ఈ వీడియో అంతా సమాధానమే. నేను ప్రొద్దుటూరు వాణ్ణి. పదేళ్లుగా గండికోట, అహోబిలం, బెలుం చుట్టుపక్కల రాత్రిళ్లు గుడారం వేసుకొని గడిపిన అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా వేట సంగతి తేల్చుకుందాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం షెడ్యూళ్లలో చేర్చిన జంతువులను వేటాడడం నేరం. చంపడం ఒక్కటే వేట కాదు; ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, చివరికి ఆ ప్రయత్నం చేయడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. "మా తాతల కాలంలో చెవులపిల్లిని కొట్టుకొచ్చేవాళ్లు" అని చెప్పుకోవడం మన పల్లెల్లో ఇప్పటికీ వింటాం గానీ, ఆ కాలం పోయింది, పోవడమే మంచిదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. శ్రీలంకమల కొండల దిగువన కనిపించే కలివికోడి అనే అరుదైన పక్షి ఇక లేదనుకున్న చాలా ఏళ్లకు, 1986లో మన సిద్ధవటం వైపే మళ్లీ బయటపడింది. అలాంటి ప్రాణులు ఉన్న నేల మనది.

చాకు కొనేవాళ్లు తప్పక తెలుసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. అదే చట్టం "ఆయుధం" అన్న మాటను నిర్వచించేటప్పుడు తుపాకులు, విల్లంబులు, వలలతో పాటు కత్తులను కూడా ఆ జాబితాలో చేర్చింది. అభయారణ్యంలోకి రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదని 31వ సెక్షన్ చెబుతుంది. అంటే రోళ్లపాడు, గుండ్ల బ్రహ్మేశ్వరం, శ్రీలంకమల్లేశ్వరం వంటి అభయారణ్యాల హద్దులోకి పోయేటప్పుడు మీ జేబులో ఉన్న చిన్న చాకు విషయంలో కూడా ముందుగా అటవీశాఖ వారిని అడిగి తీరాలి. ఎర్రచందనం దొంగల కోసం రాత్రింబవళ్లు కాపుకాసే సిబ్బందికి, సంచిలో కత్తి పెట్టుకొని అడవిదారిన ఎదురొచ్చిన మనిషి పర్యాటకుడో కాదో మొహం చూసి తెలియదు. ఆ అనుమానం వాళ్ల తప్పు కాదు.

అందువల్ల, విదేశాల్లో వేటగాళ్ల కోసం చేసి అమ్మే చాకులను చూసి మోజుపడవద్దని నా మనవి. చచ్చిన జంతువు పొట్ట చీల్చడానికి బ్లేడు వెన్ను మీద, అంటే పదును లేని వైపున, ఒక కొక్కెం చెక్కి ఉంటుంది. ఆ కొక్కేనికి మనకు పని లేకపోగా, అది ఉన్నచోట బొటనవేలితో వెన్నును అదిమిపట్టే వీలు పోతుంది. కొన్నిటికి జింక కొమ్ముతో చేసిన పిడి ఉంటుంది. మన దేశపు వన్యప్రాణుల కొమ్ముతో చేసిన వస్తువును కొనడమూ అమ్మడమూ చట్టంతో చిక్కు తెచ్చే పనే కాబట్టి, అలాంటి పిడి ఎంత అందంగా ఉన్నా దాని జోలికి పోవద్దు.

ఇక మన క్యాంపింగులో చాకుకు నిజంగా పడే పనులేమిటో చూద్దాం. గండికోటలో పెన్న లోయ అంచున గుడారం వేసినవాళ్లకు తెలుస్తుంది, అక్కడ నేల అంతా బండే. మేకులు దిగవు కాబట్టి గుడారపు తాళ్లను పెద్ద రాళ్లకు చుట్టి కట్టాలి, మిగిలిన తాడు కోయాలి. లోయలో నుంచి గాలి లేచినప్పుడు ముడి విప్పే సమయం లేక తాడును తెగ్గోయవలసిన అవసరం నాకు రెండుసార్లు వచ్చింది. ఆ తరువాత ఉల్లిగడ్డలు, టమాటాలు, నిమ్మకాయలు, చీనీకాయలు కోయడం, మసాలా పొట్లాలు చించడం, పొయ్యి రాజేయడానికి ఎండు పుల్లను సన్నసన్నని పొరలుగా చెక్కడం, కాలిలో కంపముల్లు దిగితే చుట్టూ తోలు కొద్దిగా విప్పి తీయడం. పనులన్నీ ఇంతే. వీటికి మూడు నుంచి మూడున్నర అంగుళాల బ్లేడు సరిపోతుంది. కంపచెట్టు కొమ్మలు నరకడానికో, మొద్దు చీల్చడానికో మడతచాకును వాడకూడదు. దాని బలమంతా ఇరుసు దగ్గరున్న ఒక చిన్న పిన్ను మీదే ఆధారపడి ఉంటుంది. వెన్ను మీద రాయి పెట్టి కొడితే ఆ పిన్ను వంగుతుంది, తెరిచిన బ్లేడు మడుచుకోకుండా పట్టి ఉంచే లాక్ చెడుతుంది. ఆ పనికి మచ్చుకత్తి ఉంది. మాంసం కొట్టే పనికి కూడా అంతే: జమ్మలమడుగులో పొట్టేలి మాంసం కొనుక్కొని పోయేవాళ్లు ఇంట్లోని వంటకత్తిని ఒరలో పెట్టుకొని తీసుకుపోవడం మేలు, ఎందుకంటే మడతచాకు కీలులోకి కొవ్వు, నెత్తురు చేరితే అక్కడ పూర్తిగా కడగడం చాలా కష్టం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి, అంటే లాక్‌కు వస్తాను. ఏడేళ్ల కిందట నా దగ్గర లాక్ లేని చాకు ఒకటి ఉండేది. తెరిచినప్పుడు స్ప్రింగు ఒత్తిడి మీద మాత్రమే నిలబడే రకం అది. ఒక సాయంత్రం రేకు డబ్బాకు బెజ్జం పెట్టాలని మొనను ఆనించి గట్టిగా నొక్కాను. మొన జారింది, బ్లేడు వెనక్కి మడుచుకొని నా చూపుడువేలి రెండో కణుపు మీద పడింది. చీకట్లో బండి మీద జమ్మలమడుగుకు వచ్చి నాలుగు కుట్లు వేయించుకున్నాను. ఆ చాకులో లోపం లేదు. పండ్లు కోయడానికి చేసిన దానితో నేను పొడిచే పని చేశాను. ఆ రోజు నుంచి, క్యాంపింగుకు మడతచాకు కొంటానని ఎవరు నన్ను అడిగినా లాక్ ఉన్నదే కొనమని చెబుతున్నాను.

లాక్‌లలో మనకు బజారులో ఎక్కువగా కనిపించేవి మూడు. మొదటిది వెన్ను లాక్, అంటే పిడి వెనుకవైపున ఒక కడ్డీ ఉండి, బ్లేడు తెరవగానే దాని గాటులో పడి పట్టుకునేది. 1964లో అమెరికాలో వచ్చిన బక్ 110 చాకు ఈ రకానికి పేరు తెచ్చింది. అది చాలా గట్టిది గానీ రెండు వందల గ్రాముల దాకా బరువు తూగుతుంది, నడిచి కొండెక్కేవాళ్లకు అది ఎక్కువే. రెండవది లైనర్ లాక్: పిడి లోపలి రేకు ఒకటి పక్కకు జరిగి బ్లేడు మొదలుకు అడ్డంగా నిలుస్తుంది. ఒంటిచేత్తో మూయవచ్చు, అయితే మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది కాబట్టి, పిల్లల చేతికి దీన్ని ఇవ్వవద్దు. మూడవది ఫ్రాన్సుకు చెందిన ఒపినెల్ చాకుకు ఉండే ఉంగరం: బ్లేడు తెరిచాక మెడ దగ్గరున్న ఉంగరాన్ని చేత్తో తిప్పితే అది అడ్డంగా వచ్చి నిలుస్తుంది. 1955లో చేర్చిన ఆ ఏర్పాటు ఎంత సాదాగా ఉందంటే అందులో చెడిపోవడానికి ఏమీ లేదు. ఎనిమిదో నంబరు ఒపినెల్ బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, బరువు యాభై గ్రాములలోపే. ఉంగరం తిప్పడం మరిచిపోతే మాత్రం అది లాక్ లేని చాకుతో సమానం. స్విట్జర్లాండు విక్టోరినాక్స్ వాళ్ల చాకుల్లో, మూసినప్పుడు 91 మిల్లీమీటర్లుండే రకానికి పెద్ద బ్లేడుకు లాక్ ఉండదు. 111 మిల్లీమీటర్ల రకాలలో చాలావాటికి ఉంటుంది. పేరు చూసి తొందరపడకుండా ఈ కొలత అడిగి కొనండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది దుమ్ము. అనంతపురం ఎర్రమట్టి అయినా, కర్నూలు నల్లరేగడి అయినా, మెత్తటి పొడిగా మారి కీలులో చేరితే వెన్ను లాక్ గాటు పూర్తిగా దిగదు. చూడటానికి లాక్ పడినట్టే ఉంటుంది, ఒత్తిడి పడగానే వదిలేస్తుంది. అందుకే పిడి వెనుకవైపు మూసుకుపోకుండా తెరిచి ఉండి, నీళ్లు పోస్తే అటు నుంచి ఇటు పారే నిర్మాణం ఉన్నదాన్ని నేను ఇష్టపడతాను. అంగట్లో చాకు తీసుకోగానే తెరిచి, వేళ్లను బ్లేడు దారిలో నుంచి తప్పించి, అరచేత్తో వెన్నును మూసే దిక్కుగా ఒత్తి చూడండి. పక్కలకు ఊపి చూడండి. కదలిక తెలిస్తే ఆ చాకు వద్దు.

ఉక్కు విషయంలో అమ్మేవాళ్లు చెప్పే మాటలు చాలా వినిపిస్తాయి. మనకు కావలసినంత మటుకు చెబుతాను. ఉక్కులో కార్బన్ ఎక్కువైతే గట్టిదనం, పదును నిలవడం పెరుగుతాయి; క్రోమియం సుమారు పదకొండు, పన్నెండు శాతం దాటితే తుప్పును తట్టుకునే గుణం వస్తుంది. కార్బన్ ఉక్కు చాకు చాలా సులువుగా, చాలా పదునుగా నూరుకుంటుంది, కానీ దానితో నిమ్మకాయో చింతకాయో కోసి తుడవకుండా పెడితే గంటలోనే మచ్చ పడుతుంది. మన వంటలో పులుపు లేనిదే ముద్ద దిగదు కాబట్టి, కొత్తగా కొనేవాళ్లకు స్టెయిన్‌లెస్ ఉక్కునే సూచిస్తాను. అందులోనూ మరీ గట్టి రకాలు వద్దు. ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ సి కొలతలో 56 నుంచి 58 మధ్య ఉండే ఉక్కు ఇంట్లోని సానరాయి మీదే పదునెక్కుతుంది. అరవై దాటిన ఖరీదైన ఉక్కులు పదును ఎక్కువ రోజులు నిలుపుతాయి గానీ మొద్దుబారాక మామూలు రాయికి లొంగవు. బ్లేడు మీద "440" అని మాత్రమే చెక్కి ఉంటే నమ్మవద్దు: 440ఎ, 440బి, 440సి అని మూడు రకాలున్నాయి, వాటిలో 440సి లోనే కార్బన్ ఒక శాతం దగ్గరికి చేరుతుంది. అక్షరం దాచిపెట్టినవాడు ఏ రకం అమ్ముతున్నాడో మీరే ఊహించవచ్చు. డి2 అనే ఉక్కును కొందరు స్టెయిన్‌లెస్ అని అమ్ముతున్నారు. అది పూర్తిగా తుప్పు పట్టనిది కాదు.

బ్లేడు ఆకారం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వెన్ను నెమ్మదిగా కిందికి వాలి మొనకు కలిసే రకం అన్ని పనులకూ కుదురుతుంది, మొన బలంగా ఉంటుంది. మందం రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు చాలు. అంతకు మించితే ఉల్లిగడ్డ తెగదు, పగులుతుంది. సగం దాకా రంపపు పళ్లున్నవి కొనవద్దు, ఇంట్లో నూరుకోలేరు.

పిడి రంగు చాలామంది పట్టించుకోరు. నల్లపిడి చాకు ఒకటి సందెవేళ రాళ్ల మధ్య జారిపోతే తెల్లవారేదాకా నాకు దొరకలేదు. నారింజ రంగో, పసుపుపచ్చో తీసుకోండి.

మనం సీమవాళ్లం. కత్తి, వేటకొడవలి అన్న మాటలు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లను ఏడిపించాయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే ఈ విషయంలో మిగిలినవాళ్ల కన్నా మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఆయుధాల నియమాల్లో, ఇంటి పనికో సేద్యానికో చేసినవి కాకుండా, తొమ్మిది అంగుళాల కన్నా పొడవైన లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడున్న కత్తుల ప్రస్తావన ఉంది. మనం మాట్లాడుకుంటున్న చాకు అందులో సగం కూడా ఉండదు. అయినా బటను నొక్కగానే ఎగిరి తెరుచుకునే రకం కొనవద్దు, తిరునాళ్లకో గుడికో సభకో చాకుతో పోవద్దు, బస్సులో పోయేటప్పుడు దాన్ని నడుముకు తగిలించుకోకుండా సంచి అడుగున వంటసామాను మధ్య పెట్టండి. కడప నుంచో ఓర్వకల్లు నుంచో విమానంలో పోతే అది చేతిసంచిలో ఉండకూడదు, అప్పగించే సామానులోనే పెట్టాలి.

చివరిగా సాన పట్టడం. సైకిలు చక్రం మీద సాన పట్టేవాళ్లకు మడతచాకు ఇవ్వకపోవడమే మంచిది. తిరిగే రాయి రాపిడికి పలుచటి పదును క్షణంలో వేడెక్కుతుంది. అంచు నీలిరంగు తిరిగిందంటే ఆ ఉక్కు సుమారు మూడు వందల డిగ్రీలు చూసిందని అర్థం, అక్కడ గట్టిదనం పోయినట్టే. నిప్పుల్లో కత్తితో పుల్లలు ఎగదోయవద్దని చెప్పేది కూడా ఇందుకే. వెయ్యి నంబరు సానరాయి ఒకటి కొనుక్కోండి, నీళ్లు చల్లి దాని మీద బ్లేడును నిలువుగా నిలపండి, సగానికి వంచండి, ఆ సగాన్ని మళ్లీ సగానికి వంచండి: అదే ఇంచుమించు ఇరవై రెండు డిగ్రీలు. ఆ వాలు మారకుండా ఒక పక్క నూరుతూ పోతే, రెండవ పక్క అంచున వేలికి సన్నని గరుకు తగులుతుంది. అది మొన దాకా వచ్చాక పక్క మార్చండి. గరుకు రెండువైపులా పోయేదాకా చేయి తేలిక చేస్తూ నూరి, పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ పదిసార్లు రుద్దండి. ఆ పదునుకు పండిన టమాటా తొక్క ఒత్తకుండానే తెగాలి. తెగకపోతే మళ్లీ రాయి మీదికి రండి.

ఇంటికి వచ్చిన రోజే చాకును తెరిచి, గోరువెచ్చని సబ్బునీళ్లతో కీలు కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, ఇరుసు మీద ఒక్క బొట్టు కుట్టుమిషను నూనె వేయండి. వంటనూనె వేయవద్దు, అది జిగటగా మారి మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది.