ఒళ్లో బిడ్డతో తొలి విమానం

శ్రోతలకు నమస్కారం.

ఏడాదిన్నర బిడ్డను చంకనేసుకుని తొలిసారి విమానం ఎక్కబోయే తల్లిదండ్రులకు ఈ మాటలు. నెల్లూరు నుంచి గానీ ఒంగోలు నుంచి గానీ ఎక్కడానికి మనకు విమానం లేదు. అందుకే మన ప్రయాణం వాకిట్లో కారెక్కినప్పుడే మొదలవుతుంది. నెల్లూరు నుంచి నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటాక, చెన్నై ఊరంతా ఈ చివర నుంచి ఆ చివరకు పోతేగానీ విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం రాదు. పదకొండింటి విమానానికి తెల్లవారుజామున అయిదింటికే బయలుదేరాలి. హైదరాబాదుకు గాల్లో ఉండేది గంటంపావే అయినా, గడప నుంచి గడపకు తొమ్మిది గంటలు. డైపర్లూ పాలూ బువ్వా ఆ తొమ్మిది గంటలకు సర్దుకోవాలి. వేళ కుదిరితే రేణిగుంట మేలు. చిన్న విమానాశ్రయం, నడక తక్కువ. ఒంగోలు వాళ్లకు గన్నవరం ఉంది.

ముందు కాగితాల సంగతి. ప్రయాణం రోజుకు రెండేళ్లు నిండని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, నిండితే విడిగా సీటు కొనాల్సిందే. పోయేటప్పుడు నిండక, వచ్చేలోగా నిండినా తిరుగు టికెట్‌కు సీటు కావాలి. ఒళ్లోనే కదా అని టికెట్‌లో పేరు చేర్చకుండా పోకండి. వయసు రుజువుకు బర్త్ సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. మన దగ్గర చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. ఆసుపత్రి నుంచి రాగానే తీసుకున్న సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. నమోదైన పన్నెండు నెలల్లోపు రుసుము లేకుండానే పేరు రాయించుకోవచ్చు, ఆ తర్వాతైతే రుసుము కట్టాలి. కాబట్టి టికెట్ కొనకముందే ఆ గడి చూసుకోండి. ఇంటిపేరు సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంటే టికెట్‌లోనూ పూర్తిగానే రాయించండి, పొడి అక్షరాలతో సరిపెట్టకండి.

చేతిసంచిలో ఆరు డైపర్లు, బిడ్డకు రెండు జతలు, తల్లికి ఒక పైబట్ట, మురికివి వేయడానికి నాలుగు ప్లాస్టిక్ కవర్లు పెట్టుకోండి. తల్లికి బట్టలెందుకంటే, బిడ్డ కక్కుకునేది ఆమె మీదే. తెల్లవారుజామున కాచి సీసాలో పోసిన పాలు మన ఎండలకు పదకొండయ్యేసరికి విరిగిపోతాయి. పాలపొడి పొడి డబ్బాలో, వేడినీళ్లు ఫ్లాస్కులో విడివిడిగా పెట్టుకుని అప్పటికప్పుడు కలుపుకోండి. తినడానికి నెయ్యి రాసిన ఇడ్లీ, అరటిపండు, గుప్పెడు బొరుగులు. బొరుగులు ఒక్కొక్కటే ఏరుకుని తింటూ బిడ్డ పావుగంట కదలకుండా కూర్చుంటుంది. వేరుశనగలు, వేయించిన శనగలు మాత్రం వద్దు, విమానం కుదిపినప్పుడు గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. బంధువులకని కట్టిన ఆవకాయ సీసా చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీలో ఆగిపోతుంది, దాన్ని లగేజీలో వేయండి.

బిడ్డ ఉందని చెప్పి గేటు దగ్గర ముందుగా ఎక్కనిస్తారు. ఇద్దరుంటే తండ్రి సంచులతో ముందు ఎక్కి సర్దుకోవడం, తల్లి బిడ్డను చివరిదాకా బయట నడిపించడం మంచిది. కదలకుండా కూర్చోబెట్టే సమయం ఎంత తగ్గితే అంత సుఖం. సీటు కిటికీ పక్కదే అడగండి. నడవా పక్కనైతే టీ బండి పోయినప్పుడల్లా బిడ్డ చెయ్యి బయటికి చాస్తుంది. విమానంలోని సిబ్బందిని చిన్న బెల్టు ఒకటి అడిగి తీసుకుని, దాని ఉంగరంలోంచి మీ బెల్టు దూర్చి, ఆ చిన్నది బిడ్డ నడుముకు పెట్టండి. ఒకే బెల్టు ఇద్దరికీ కలిపి చుట్టకండి, గట్టి కుదుపు వస్తే మీ బరువంతా బిడ్డ కడుపు మీద పడుతుంది.

ఇక అసలు కష్టం చెవుల దగ్గర. తిరుమల కొండ దిగేటప్పుడు చెవులు మూసుకుపోయి, గుటక వేస్తే టప్పున తెరుచుకుంటాయి కదా, ఇదీ అదే. చెవి లోపలి గదికీ ముక్కు వెనక భాగానికీ మధ్య సన్నని గొట్టం ఉంటుంది. పిల్లల్లో అది మరీ సన్నం, దాదాపు అడ్డంగా ఉంటుంది. విమానం లేచేటప్పుడు లోపలి గాలి తేలిగ్గానే బయటికి పోతుంది. దిగేటప్పుడు బయటి గాలి లోపలికి రావాలి, ఆ ఒత్తిడికి గొట్టం నొక్కుకుపోతుంది. గుటక వేస్తేనో ఆవలిస్తేనో తెరుచుకుంటుంది. పెద్దలు ఆవలిస్తారు, బిడ్డకు ఏడుపొక్కటే తెలుసు. ఏడ్చినప్పుడు కూడా గొట్టం తెరుచుకుంటుంది కాబట్టి ఆ ఏడుపుకు కంగారుపడకండి, పక్కవాళ్ల చూపులకు సిగ్గుపడకండి.

బిడ్డ ఆకలిని ఈ దిగే వేళకు దాచుకోవాలి. చాలామంది ఎక్కగానే సీసా అంతా పట్టేస్తారు, కడుపు నిండిన బిడ్డ తీరా దిగేటప్పుడు నోరు తెరవదు. లేచేటప్పుడు కాసిని పట్టి ఆపేయండి. నేల తాకడానికి దాదాపు అరగంట ముందే దిగడం మొదలవుతుంది. పైలట్ ఆ మాట చెప్పగానే పాలు గానీ నీళ్లు గానీ కొద్దికొద్దిగా, గుక్కకూ గుక్కకూ ఎడమిచ్చి, నేల తాకేదాకా తాగించండి. నిద్రలో గుటకలు తగ్గుతాయి గనక, పడుకున్న బిడ్డనైనా ఆ వేళకు మెల్లగా లేపాలి. పైకి వెళ్లాక స్ట్రా సీసా మూత తెరిస్తే లోపలి గాలి నీళ్లను చిమ్మేస్తుంది. పైమూత ఒకసారి వదులు చేసి, గాలి పోయాక బిగించి ఇవ్వండి.

జలుబు చేసి ముక్కు మూసుకుపోయి ఉంటే ఈ గుటకలూ పనిచేయవు. రెండు రోజుల ముందే పిల్లల డాక్టరుకు చూపించి, ప్రయాణం చేయించవచ్చో లేదో, ముక్కులో ఏ చుక్కలు ఎప్పుడు వేయాలో అడగండి. నిద్రపుచ్చడానికని దగ్గు మందు పట్టకండి. కొందరు పిల్లలు దానికి నిద్రపోకపోగా మరింత చిరాకుపడతారు, మోతాదు మించితే ఊపిరికే ముప్పు.

దిగాక తోసుకోకండి, జనమంతా పోనివ్వండి. కారెక్కేలోపు డైపర్ మార్చి, కాసేపు నేల మీద నడవనివ్వండి. మర్నాటికీ చెవి పట్టుకుని ఏడుస్తున్నా, జ్వరం తగిలినా, తిరుగు విమానం ఎక్కకముందే డాక్టరుకు చెవి చూపించండి.