కోతుల తరాలు, తండ్రుల వయసు

వేదిక మీదున్న పెద్దలందరికీ కలిపి ఒకటే నమస్కారం. పేర్లు చదవట్లేదు, ఏమనుకోకండి, మొదలెడితే నా టైమంతా వాటికే సరిపోతుంది.

ఇన్విటేషన్‌లో టాపిక్ "ప్రైమేట్లలో తరం నిడివి, మాలిక్యులర్ క్లాక్" అని వేశారు, సరే. ప్రైమేట్లంటే కోతులూ, గొరిల్లా, చింపాంజీ లాంటి తోకలేని వాలిడులూ, మనిషీ ఉన్న గుంపు. తరం నిడివంటే బిడ్డ పుట్టేనాటికి తల్లిదండ్రుల సగటు వయసు. 1962లో జుకర్‌కాండ్ల్, పౌలింగ్ అనే శాస్త్రవేత్తలు వేర్వేరు జంతువుల రక్తంలోని ప్రొటీన్లు, అదే హిమోగ్లోబిన్లు, పోల్చి, మార్పులు ఇంచుమించు ఒకే వేగంతో పోగవుతున్నాయి కాబట్టి తేడాలు లెక్కపెడితే ఏ జాతులు ఎప్పుడు విడిపోయాయో చెప్పొచ్చన్నారు, అదే మాలిక్యులర్ క్లాక్. ఆ దశకంలోనే మోరిస్ గుడ్‌మన్ అనే శాస్త్రవేత్త అడ్డుపడ్డాడు, మనిషీ వాలిడులూ ఉన్న కొమ్మలో ఈ క్లాక్ నెమ్మదించింది అని. దానికి తరం నిడివే కారణమన్న మాట తర్వాత బలపడింది. రీసస్ కోతికి తరం 11 ఏళ్ళు, గొరిల్లాకి 19, చింపాంజీకి 25, మనిషికి 29 దాకా. నోట్సు ఎత్తిరాసేటప్పుడు తప్పు పడ్డట్టే డీఎన్ఏ కాపీ అయినప్పుడల్లా ఎక్కడో ఒకటి పడుతుంది, తరాలు తొందరగా తిరిగితే తప్పులూ తొందరగా పోగవుతాయి.

బానే ఉంది, కానీ ఆ లెక్కన గొరిల్లా మనకంటే ఒకటిన్నర రెట్లు వేగంగా మారాలి కదా? 2016లో పది ప్రైమేట్ల జీనోములు, అంటే మొత్తం డీఎన్ఏ, పోల్చి చూస్తే గొరిల్లా 7 శాతమే ఎక్కువ, చింపాంజీ 2 శాతం! అమెరికా ఖండాల కోతుల్లో మాత్రం వాలిడుల కొమ్మ కంటే 64 శాతం దాకా ఎక్కువుంది. మరి గొరిల్లాకి రావాల్సిన మిగతా వేగం ఏమైనట్టు?

అమ్మాయిలూ, ఇది మీరు వినండి. అండాలయ్యే కణాల విభజన ఆడపిల్ల పుట్టకముందే దాదాపు అయిపోతుంది. మగవాడికలా కాదు, ఈడొచ్చిన దగ్గర్నుంచి వీర్యకణాల మూలకణాలు 16 రోజులకోసారి, అంటే ఏడాదికి 23 సార్లు కాపీ అవుతూనే ఉంటాయి. ఐస్‌లాండ్‌లో 78 మంది పిల్లల్ని తల్లిదండ్రులతో పోల్చి 2012లో ఇచ్చిన లెక్క ప్రకారం తండ్రికి 20 ఏళ్ళుంటే ఆయన వైపు నుంచి కొత్త మార్పులు 25 దాకా, 40 ఏళ్ళుంటే 65 దాకా. తల్లి వైపు నుంచి 15 దగ్గరే. అంటే తరం పొడుగైతే తరాలు తగ్గుతాయి నిజమే గానీ ముదురు తండ్రి ఒక్కో తరంలో ఎక్కువ మార్పులు ఇచ్చి ఆ తగ్గింది చాలావరకు పూడుస్తాడు.

మా చుట్టాల్లో ఒకాయన నలభై దాటాక రెండో పెళ్ళి చేసుకున్నాడు, ఆ అమ్మాయికి ఇరవై రెండు. పాప పుట్టింది, కాళ్ళూ చేతులూ ఎదగలేదు, ఎకాండ్రోప్లేసియా అన్నారు డాక్టర్లు. అత్తగారు ఏమంది? "మీ పుట్టింటి రక్తంలోనే ఉంది" అంది! మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకి ఈ జబ్బుతో బిడ్డ పుడితే ఆ కొత్త మార్పు దాదాపు ఎప్పుడూ తండ్రి నుంచే వస్తుంది, ఆయన వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశమూ పెరుగుతుంది. డౌన్ సిండ్రోమ్‌కి తల్లి వయసు లెక్కే, కాదనను, అది క్రోమోజోములు విడిపోవడంలో వచ్చే చిక్కు. కానీ ప్రతిదానికీ కోడల్నే నిలబెట్టి అడగటం ఏంటండీ? ఆయన వయసు ఒక్కరూ ఎత్తలేదు, ఒక్కరంటే ఒక్కరు!

మగవాళ్ళ వైపు నుంచే మార్పులు ఎక్కువని రక్తం గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా లెక్కలతో బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ 1947లోనే చెప్పాడు, అదే హాల్డేన్ తర్వాత మన దేశం వచ్చి భువనేశ్వర్‌లో పోయాడు.

సరే, కోతుల్లోకి వద్దాం, టైమైపోయింది. కాపీ తప్పు కాకుండా రసాయన మార్పుతో డీఎన్ఏలోని సి అనే అక్షరం టీ అయిపోయే చోట్లు కొన్నున్నాయి, వాటిని తరం నిడివి అంతగా కదపదు. 2016 వాళ్ళు వాటితోనే లెక్కేసి మనిషి, చింపాంజీ జన్యువులు వేరుపడి 1 కోటి 21 లక్షల ఏళ్ళైందన్నారు. 1967లో సారిచ్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు మాత్రం జాతులు విడిపోయి 50 లక్షల ఏళ్ళే అన్నారు. గొడవ తేలలేదు.

ప్రశ్నలుంటే అడగండి. ముందు అబ్బాయిలు.