పెర్ల్ బక్ బోనెక్కించిన చైనా పండితులు

అందరికీ నమస్కారం. అమెరికన్ నవలా రచయిత్రి పెర్ల్ బక్ అనగానే మనకు ఆమె నవల ‘గుడ్ ఎర్త్’, అందులోని చైనా రైతు వాంగ్ లుంగ్ గుర్తొస్తారు. ఇవాళ ఆ రైతు జోలికి పోను. ఆమె నవలల్లో చదువుకున్న చైనావాళ్లు ఎలా ఉంటారన్నదే నా విషయం. ఉన్నమాట చెప్పాలంటే, రైతుల మీద ఉన్న దయ ఆమెకు వీళ్ల మీద లేదు.

బక్ 1892లో అమెరికాలో పుట్టింది. నెలల పిల్లగా ఉండగానే మిషనరీలైన తల్లిదండ్రులు చైనా తీసుకెళ్లారు. యాంగ్‌ట్సీ ఒడ్డున జెన్‌జియాంగ్‌లో పెరిగి, తర్వాత నాన్‌జింగ్‌లో యూనివర్సిటీ పిల్లలకు పాఠాలు చెప్పింది. అంటే రెండు సంస్కృతుల మధ్య నలిగే కుర్రకారును ఆమె రోజూ క్లాసులో చూస్తూనే ఉంది.

మొదటి నవల ‘ఈస్ట్ విండ్: వెస్ట్ విండ్’ 1930లో వచ్చింది. పాత పద్ధతుల్లో పెరిగిన క్వెయ్-లాన్‌ను విదేశంలో డాక్టరీ చదివొచ్చిన అబ్బాయికి ఇచ్చి చేస్తారు. పెళ్లయిన రాత్రి అతను, నువ్వు నాకు అణిగి ఉండక్కర్లేదు, మనిద్దరం సమానం అంటాడు. మొగుడి మాట జవదాటకూడదని నేర్చుకుని వచ్చిన పిల్లకు ఏం చెయ్యాలో పాలుపోదు. కొన్నాళ్లకు, పాదాలు చిన్నవిగా ఉండాలని అక్కడి ఆచారం ప్రకారం చిన్నప్పటినుంచీ బిగించిన కట్లు విప్పెయ్యమంటాడు. బక్ పనితనం ఇక్కడుంది. కథ చెప్పేది అతను కాదు, క్వెయ్-లాన్. కట్లు బిగించినప్పుడు ఎంత బాధో, విప్పినప్పుడూ అంతే బాధ. డాక్టరుగారు చెప్పింది న్యాయమే. కానీ ఆ నొప్పి పడాల్సింది ఆమె!

1933లో కియాంగ్ కాంగ్-హు అనే చైనా పండితుడు న్యూయార్క్ టైమ్స్‌లో బక్ మీద విరుచుకుపడ్డాడు. కూలీలను, ఆయాలను చూపించి ఇదే చైనా అంటే ఎలా అని ఆయన అభ్యంతరం. దేశంలో ఎక్కువమంది వాళ్లే అయినప్పుడు గుప్పెడుమంది మేధావులు దేశానికి ప్రతినిధులు ఎలా అవుతారని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. అదే ఏడు చైనా ప్రముఖ రచయిత లూ సున్ కూడా ఒక ఉత్తరంలో, చైనా సంగతులు చైనావాళ్లు రాస్తేనే అసలు రూపం తెలుస్తుందన్నాడు.

కియాంగ్‌తో పడిన ఆ పేచీని ఆమె మర్చిపోలేదని నా అనుమానం. 1949లో వచ్చిన ‘కిన్‌ఫోక్’లో డాక్టర్ లియాంగ్‌ను చూడండి. న్యూయార్క్‌లో హాయిగా కాపురం ఉంటూ, అమెరికన్లకు చైనా ప్రాచీన తత్వవేత్త కన్ఫ్యూషియస్ గురించి ఉపన్యాసాలిస్తుంటాడు. నవల అక్కడి చైనావాళ్ల పేట చైనాటౌన్‌లో, ఒక నాటకశాలలో మొదలవుతుంది. అక్కడి లాండ్రీవాళ్లు, కొట్లవాళ్లు కూడా చైనావాళ్లే, కానీ లియాంగ్‌గారికి వాళ్లను చూస్తే నామోషీ. చైనా గొప్పదంటాడు, అక్కడికి వెళ్లి బతకమంటే మాత్రం ససేమిరా. పిల్లలు నలుగురూ ఆ ఉపన్యాసాలు నమ్మి పెరిగారు. చైనా చేరాక వాళ్లకు కనిపించింది మురికి, లంచం, ఆకలి. పీటర్ విప్లవ రాజకీయాల్లోకి దిగి ప్రాణం పోగొట్టుకుంటాడు. లూయీస్ అమెరికన్‌ను చేసుకుని తిరిగొచ్చేస్తుంది. డాక్టరైన జేమ్స్, చెల్లెలు మేరీ మాత్రం సొంతూరు చేరి పనిలో పడతారు.

లియాంగ్ పాత్రంత సూటిగా బక్ రాసిన మేధావి మరొకడు లేడంటాను నేను. దానికి కారణం ఒక్క కోపమే అయ్యుండదు. ఆమె 1934లో చైనా వదిలి పెన్సిల్వేనియాలో స్థిరపడింది. అక్కడ కూర్చునే అమెరికన్లకు చైనాను వివరించింది, దాంతోనే జీవించింది. లియాంగ్ చేసిన పనికీ దీనికీ తేడా ఎంత? తేడా ఉంది, కాదనను. తన నవలను తీర్చిదిద్దింది చైనా నవలే అని 1938 నోబెల్ ప్రసంగంలో ఆమె బాహాటంగా చెప్పుకుంది. చైనాటౌన్ జనాన్ని చూసి ఆమె ముక్కు చిట్లించుకోలేదు. అయినా లియాంగ్ మనసులోని మెలికలన్నీ అంత బాగా తెలిశాయంటే, బయట చూసి రాసినవి కావనే అనిపిస్తుంది.

నాకు మింగుడుపడనిది చివరి భాగం. జేమ్స్, తన తల్లి చూసిన యూమెయ్ అనే పల్లెటూరి అమ్మాయిని చేసుకుంటాడు. ఇక ఊరి జనానికీ అతనికీ మధ్య ఆమే వారధి. చదువుకున్నవాడి సమస్యకు చదువులేని భార్య మందన్నమాట! క్వెయ్-లాన్ నొప్పిని లోపలినుంచి రాసిన కలం, యూమెయ్ ఏమనుకుందో అడగడానికి తీరిక చేసుకోలేదు. ఇరవై ఏళ్లలో బక్ ఇక్కడ వెనక్కే నడిచింది.

1972లో ఆమె చైనా చూడాలని వీసా అడిగింది. మీ రచనలు కొత్త చైనానూ దాని నాయకులనూ వక్రీకరించాయని జవాబొచ్చింది. మరుసటేడు చనిపోయింది. కియాంగ్‌ది పండితుల అభ్యంతరమైతే, ఇది ఆ పండితులను పక్కకు నెట్టిన కమ్యూనిస్టు ప్రభుత్వం అభ్యంతరం. ఇద్దరికీ ఆమె పరాయిదే.

యూమెయ్ విషయంలో నా మాట ఒప్పుకోనివాళ్లు ముందు వరసలోనే ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. మైకు వాళ్లకే ఇస్తాను.